కంపోస్టు నిండా వేసినా విత్తనాలు ఎందుకు మొలవడం లేదు? బెంగళూరు మిద్దెతోటల వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో మిద్దె మీదో బాల్కనీలోనో కూరగాయలు పెంచుకునే తెలుగువాళ్ళు పదే పదే అడిగే ప్రశ్నలివి. గోంగూర, చుక్కకూర, బచ్చలి విత్తనాలు ఊరి నుంచి పొట్లాలు కట్టి తెచ్చుకుంటారు. మట్టి, కంపోస్టు మాత్రం ఇక్కడివి. మొలక రాకపోతే ముందు విత్తనాన్ని తిడతారు, తర్వాత వాతావరణాన్ని. కుండీలో పోసిన కంపోస్టును మాత్రం ఎవరూ అనుమానించరు. అనుమానించాల్సింది ముందు దాన్నే.

విత్తనం మొలవడానికి అసలు కంపోస్టు కావాలా?

అక్కర్లేదు. విత్తనానికి కావాల్సింది తడి, గాలి, తగినంత వెచ్చదనం. తిండి అది చద్దిమూటలా తనతోనే తెచ్చుకుంటుంది. బీజదళాలు విచ్చుకొని, అసలు ఆకులు రెండు వచ్చేదాకా ఆ నిల్వతోనే గడిపేస్తుంది. తడి దూది మీద పెసలు మొలుస్తున్నాయంటే అందుకే.

మరి కంపోస్టు దేనికంటే, మట్టి గుణం మార్చడానికి. బెంగళూరు ఎర్రమట్టిని ఒట్టిగా కుండీలో నింపి రెండు రోజులు ఎండనివ్వండి, పైన పెచ్చు కడుతుంది. తోటకూర మొలక లాంటి సన్నది ఆ పెచ్చును పగలగొట్టుకొని రాలేదు. బాగా మాగిన కంపోస్టు కలిస్తే మట్టి గుల్లగా ఉంటుంది, తడి నిలుస్తుంది, గాలి ఆడుతుంది. మొలక దశలో కంపోస్టు చేసే మేలు ఇంతే. పోషకాల సంగతి ఆ తర్వాత వస్తుంది.

ఊళ్ళో మా నాన్న పేడ ఎరువు బళ్ళకొద్దీ తోలేవారు, అన్నీ మొలిచేవి. ఇక్కడెందుకు మొలవడం లేదు?

బళ్ళకొద్దీ తోలినా అది పడేది పొలంలో. ఒక్కసారి లెక్క వేసి చూడండి. ఎకరానికి 10 టన్నుల పశువుల ఎరువు అంటే చదరపు మీటరుకు సుమారు రెండున్నర కిలోలు. అదే చదరపు మీటరులో పై 15 సెంటీమీటర్ల మట్టి దాదాపు 200 కిలోలు తూగుతుంది. అంటే బరువులో ఎరువు వందకు ఒక పాలు. మనం కుండీలో "సగం మట్టి, సగం కంపోస్టు" అంటాం.

ఇంకో తేడా కూడా ఉంది. ఊళ్ళో ఎరువు దిబ్బ మీద నెలల తరబడి మాగుతుంది. వేసవిలో తోలి చల్లి, దున్ని వదిలేస్తారు, వానలు పడ్డాకే విత్తనం పడుతుంది. ఇక్కడ శనివారం సంచి కొని, ఆదివారం కుండీ నింపి, ఆ సాయంత్రమే విత్తనం వేస్తున్నాం.

పచ్చి కంపోస్టు విత్తనాన్ని ఏం చేస్తుంది?

ఒకటి కాదు, నాలుగు రకాలుగా దెబ్బ తీస్తుంది. ఏ దెబ్బ తగిలిందో విత్తనాన్ని తవ్వి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

మొదటిది అమోనియా. పచ్చి పేడ, కోళ్ళ ఎరువు, పూర్తిగా కుళ్ళని వంటింటి చెత్తలో నత్రజని అమోనియాగా మారుతూ ఉంటుంది. ముక్కుకు ఘాటుగా తగులుతుంది. విత్తనం పగులుతుంది, తెల్లటి వేరు బయటకు తొంగిచూస్తుంది, దాని కొస గోధుమ రంగుకు తిరిగి అక్కడే ఆగిపోతుంది. కుండీలో గుచ్చి చూస్తే ఇలా కొస మాడిన వేరు కనపడితే కంపోస్టు ఇంకా పచ్చిగా ఉన్నట్టే.

రెండోది ఆమ్లాలు. గాలి ఆడని తడి కుప్పలో వినెగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం లాంటివి పుడతాయి. పుల్లటి వాసన వాటిదే. వేరు మీద వీటి దెబ్బ కూడా అమోనియా దెబ్బలాగే కనపడుతుంది.

మూడోది ఊపిరాడకపోవడం. సగం కుళ్ళిన పదార్థాన్ని సూక్ష్మజీవులు ఇంకా తింటూనే ఉంటాయి, ఆ పనికి ఆక్సిజన్ లాగేసుకుంటాయి. మొలకెత్తే విత్తనానికీ అదే ఆక్సిజన్ కావాలి. తవ్వితే విత్తనం ఉబ్బి, మెత్తబడి, వేలితో నొక్కగానే చిట్లిపోతుంది.

నాలుగోది ఉప్పు. సాంబారు, పచ్చడి, మిగిలిన చిప్స్‌తో సహా పడేసిన చెత్త నుంచి వచ్చిన కంపోస్టులో లవణాలు ఎక్కువ. లవణం ఎక్కువైతే తడి ఉన్నా విత్తనం నీటిని పీల్చుకోలేదు. పది రోజుల తర్వాత తవ్వినా వేసినప్పుడు ఎలా ఉందో అలాగే గట్టిగా ఉంటుంది. మరీ లోతుగా వేసిన సన్న విత్తనాలు, ఎండిపోయిన కుండీలోవి కూడా అలాగే ఉంటాయి కాబట్టి ముందు ఆ రెండూ కావని చూసుకోండి.

మా అపార్ట్‌మెంట్‌లో మెషీన్ 24 గంటల్లో కంపోస్టు తయారుచేస్తుంది. ఉచితంగానే ఇస్తున్నారు. వాడొచ్చా?

తెచ్చుకోండి, కానీ నేరుగా విత్తనం మాత్రం వేయకండి. ఇక్కడి పెద్ద అపార్ట్‌మెంట్లు తడి చెత్తను తమ ఆవరణలోనే శుద్ధి చేసుకోవాలన్న నియమం ఉంది, అందుకే ఈ మెషీన్లు వచ్చాయి. వాటిలో చాలావరకు చేసేది చెత్తను వేడిచేసి, ఆరబెట్టి, పొడి కొట్టడం. ఘనపరిమాణం బాగా తగ్గుతుంది, కాబట్టి అసోసియేషన్ వాళ్ళ బాధ తీరుతుంది. కానీ గోధుమ రంగు పొడిగా బయటకు వచ్చేది కంపోస్టు కాదు, ఎండబెట్టిన అన్నం కూరలు. దానికి తడి తగలగానే కుళ్ళడం కొత్తగా మొదలవుతుంది. కుండీలో కలిపి నీళ్ళు పోసిన మూడో రోజు పైన తెల్లటి బూజు కట్టి, చెయ్యి పెడితే వెచ్చగా తగిలిందంటే జరుగుతున్నది అదే.

దీన్ని పడేయాల్సిన పనిలేదు. ఒక వంతు పొడికి రెండు మూడు వంతుల ఎండుటాకులు, గుప్పెడు పాత కంపోస్టు లేదా మట్టి కలపండి. పిండితే చుక్క రాలీ రాలనట్టు తడిపి, గాలి తగిలే డబ్బాలో పోయండి. వారానికోసారి తిరగేస్తూ, వేడి పూర్తిగా చల్లారి, మట్టివాసన వచ్చేదాకా ఆగండి. రెండు నెలలు పట్టొచ్చు. "24 గంటలు" అన్న మాటను మెషీన్ అమ్మేవాళ్ళకే వదిలేద్దాం.

కంపోస్టు మాగిందో లేదో ఇంట్లోనే ఎలా తెలుసుకోవాలి?

రంగు చూసి నమ్మకండి. మాడినా నల్లగానే ఉంటుంది, తడిసినా నల్లగానే ఉంటుంది. ముందు సంచి పరీక్ష చేయండి. తడిపిన కంపోస్టు రెండు గుప్పిళ్ళు జిప్ కవర్లో వేసి, మూసి, మూడు రోజులు నీడన పెట్టండి. తెరవగానే ఘాటుగానో పుల్లగానో వాసన వస్తే, కవరు ఉబ్బితే, ఇంకా మాగాలి. తొలకరి మట్టివాసన వస్తే తర్వాతి పరీక్షకు వెళ్ళండి.

తర్వాతిది ఆవాల పరీక్ష. దీని వెనక శాస్త్రం గట్టిదే. 1981లో ఇటలీలో జుక్కోని, ఆయన సహచరులు హలీం గింజలతో కంపోస్టు విషగుణాన్ని కొలిచే పద్ధతి ఇచ్చారు. ప్రయోగశాలలు ఇప్పటికీ దాని మీదే ఆధారపడుతున్నాయి. మనకు వంటింట్లో ఆవాలు చాలు. పాతబడి మొలక శక్తి పోయిన డబ్బా కాకుండా కొత్త ప్యాకెట్ తీసుకోండి. పెసలు, శనగలు వద్దు. వాటి లోపలి నిల్వ ఎక్కువ కాబట్టి ఓ మాదిరి పచ్చి కంపోస్టును కూడా తట్టుకొని మొలిచేస్తాయి, అప్పుడు పరీక్షకు అర్థం ఉండదు.

ఒక కప్పు కంపోస్టును పది కప్పుల నీళ్ళలో కలిపి, గంట ఆగి, పాత కాటన్ గుడ్డలో వడకట్టండి. రెండు ప్లేట్లలో టిష్యూ పేపర్ పరిచి, ఒకదాన్ని ఈ నీళ్ళతో, ఇంకోదాన్ని తాగే నీళ్ళతో తడపండి. చెరో 20 ఆవాలు పేర్చి, మూతపెట్టి, మూడు రోజులు చీకట్లో ఉంచండి. తర్వాత ఎన్ని మొలిచాయో లెక్కపెట్టడంతో ఆగకండి. స్కేలుతో వేళ్ళ పొడవు కూడా కొలవండి.

మంచినీళ్ళ ప్లేటులో 20కి 20 మొలిచి, వేళ్ళు సగటున 4 సెంటీమీటర్లు ఉన్నాయనుకుందాం. కంపోస్టు ప్లేటులో 18 మొలిచి, వేళ్ళు 2 సెంటీమీటర్లే ఉన్నాయి. మొలక చూస్తే 90 శాతం, భేష్ అనిపిస్తుంది. వేరు చూస్తే 50 శాతం. రెండూ గుణిస్తే 45. ఈ సంఖ్య 80 దాటితే ధైర్యంగా వాడొచ్చు, 50 లోపుంటే అది పచ్చి సరుకే, మధ్యలో ఉంటే ఇంకో మూడు నాలుగు వారాలు ఆగాలి. మొలక శాతం మాత్రమే చూసి మోసపోయేవాళ్ళు ఎక్కువ, ఎందుకంటే విషం ముందు తగిలేది వేరుకే.

కుండీలో పాళ్ళు ఎంత ఉండాలి?

నారు ట్రేలకూ, పెద్ద కుండీలకూ పాళ్ళు వేరు. నారు పోసే ట్రేలో ఏడు పాళ్ళు కడిగిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), రెండు పాళ్ళు జల్లెడ పట్టిన వర్మీకంపోస్టు, ఒక పాలు ముతక ఇసుక లేదా పెర్లైట్ సరిపోతుంది. మొక్క ఎదిగే కుండీలో ఎర్రమట్టి సగానికి కాస్త తక్కువ, కంపోస్టు మూడో వంతు, మిగతాది కోకోపీట్.

బెండ, చిక్కుడు, ఆకుకూరల్లా నేరుగా విత్తేవాటికి ఒక కిటుకు ఉంది. కుండీ కింద ముప్పావు భాగం బలమైన మిశ్రమం నింపండి. పై అంగుళం అంగుళంన్నర మాత్రం కంపోస్టు తక్కువగా ఉన్న మెత్తటి మిశ్రమం పరచండి. విత్తనం అందులో మొలుస్తుంది. వేరు కిందికి దిగేసరికి దానికి తిండి అవసరం పడుతుంది, తిండి అక్కడ సిద్ధంగా ఉంటుంది.

అన్ని పంటలకూ ఉప్పును ఓర్చుకునే శక్తి ఒకటిగా ఉండదు. బీన్స్, క్యారట్, ఉల్లి చాలా సున్నితం. టమాట ఫర్వాలేదు. బీట్‌రూట్, దాని చుట్టమైన మన పాలకూర గట్టివి. కొత్త కంపోస్టు మీద అనుమానం ఉంటే ఆ కుండీలో ముందు పాలకూర వేయండి.

వర్మీకంపోస్టు మంచిదే కదా, ఎక్కువ వేస్తే ఏం?

మంచిదే. వానపాముల విసర్జనలో పోషకాలతో పాటు హ్యూమిక్ పదార్థాలు ఉంటాయి, వాటి ప్రభావం వేర్ల మీద హార్మోన్ల తీరులో కనిపిస్తుంది. కానీ నారు మిశ్రమంలో 10 నుంచి 20 శాతం దగ్గర మంచి ఫలితం వస్తుంది. సగం దాటితే మొక్క ఎదుగుదల తగ్గడం మొదలవుతుంది, కారణం మళ్ళీ లవణాలు, గాలి తక్కువ కావడం.

సంచి మీద ఈసీ అనే అంకె రాసి ఉంటే చూడండి, అది లవణాల కొలత. మన దేశంలో 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద సిటీ కంపోస్టుకు, వర్మీకంపోస్టుకు ఇది 4 మించకూడదు. గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే, మట్టిలో కలపడానికి 4 సరే, అచ్చంగా అందులోనే విత్తడానికి కాదు.

కోకోపీట్‌లో కూడా మొలకలు మాడిపోతున్నాయి. అందులో ఎరువేమీ లేదు కదా?

ఎరువు లేదు, ఉప్పుంది. కొబ్బరి పీచును ఉప్పునీళ్ళలో నానబెట్టే చోట్ల నుంచి వచ్చిన పొట్టులో సోడియం, పొటాషియం, క్లోరైడ్ మిగిలిపోతాయి. కోకోపీట్ ఇటుకను నానబెట్టి, పాత చీర ముక్కలో కట్టి, రెండు మూడు నీళ్ళు పోసి పిండండి. మొదటి నీళ్ళు డికాషన్ రంగులో దిగుతాయి, రంగు పలచబడేదాకా కడగాలి. బోరు నీళ్ళు ఉప్పగా ఉండే ఏరియా అయితే కడగడానికి కావేరి నీళ్ళో వాన నీళ్ళో వాడండి. లేకపోతే కడిగి కొత్త ఉప్పు ఎక్కించినట్టే.

వేప పిండి, వేరుశనగ చెక్క విత్తనంతో పాటే వేయొచ్చా?

వద్దు. వేరుశనగ చెక్కలో నత్రజని 7 శాతం దాకా ఉంటుంది. తడి తగలగానే కుళ్ళి వేడి, అమోనియా పుట్టిస్తుంది, ఈగల్నీ ఎలుకల్నీ కూడా పిలుస్తుంది. ఆవ చెక్కలో ఘాటు పుట్టించే పదార్థాలు తడిసినప్పుడు నేరుగా మొలకనే అణిచేస్తాయి. వేప పిండి ఇంత దురుసు కాదు గానీ గుప్పిళ్ళతో పోస్తే అదీ మొలకను వెనక్కు లాగుతుంది. ఏదైనా సరే విత్తడానికి రెండు వారాల ముందే మట్టిలో కలిపి, తడిపి వదిలేయాలి. 12 అంగుళాల కుండీకి వేప పిండి ఒకటి రెండు గుప్పిళ్ళు చాలు. ఇక్కడి షాపుల్లో "బేవిన హిండి" అంటే ఇస్తారు. ఆముదం పిండి మాత్రం ఇంట్లో కుక్క ఉన్నవాళ్ళు ముట్టుకోకండి. అందులోని రైసిన్ విషం, వాసనకు కుక్కలు తవ్వుకొని తింటాయి.

కాఫీ పిప్పి?

బెంగళూరులో ఉండి ఈ ప్రశ్న రాకుండా ఎలా ఉంటుంది! ఫిల్టర్‌లో మిగిలిన పిప్పి నేరుగా కుండీ మీద వేయకండి. ఆరి అట్ట కడుతుంది, నీరు దిగనివ్వదు, అందులోని కెఫీన్, పాలీఫినాల్స్ లేత మొక్కలను ఎదగనివ్వవు. కంపోస్టు డబ్బాలో వేయండి, మొత్తంలో ఐదో వంతు మించకుండా. మాగాక ఏ ఇబ్బందీ లేదు.

కట్టెల బూడిద, గుడ్డు పెంకులు?

బూడిద క్షారగుణం కలది. బోరు నీళ్ళతో ఇప్పటికే పీహెచ్ పెరిగిన కుండీలో వేస్తే చెడుపే. పచ్చి పేడతో కలిపితే ఉన్న నత్రజని అమోనియాగా ఎగిరిపోతుంది. గుడ్డు పెంకులు మెత్తగా పొడిచేస్తే ఎప్పటికో కరుగుతాయి. మొలకకు మేలూ లేదు, కీడూ లేదు.

బాగానే మొలిచాయి, కానీ పది రోజులకల్లా పసుపెక్కి అక్కడే ఆగిపోయాయి. ఎందుకు?

ఏ ఆకు పసుపెక్కిందో చూడండి. కింది, ముసలి ఆకులు ముందు పాలిపోతే నత్రజని కొరత. కంపోస్టులో రంపపు పొట్టు, ఎండు పీచు, చివకని ఆకులు ఎక్కువగా ఉంటే సూక్ష్మజీవులు వాటిని కుళ్ళబెట్టడానికి మట్టిలోని నత్రజనిని వాడేసుకుంటాయి, మొక్కకు మిగలదు. కర్బనం నత్రజనికి 30 రెట్లు దాటితే ఇలా లాగేసుకోవడం జరుగుతుంది, 20 రెట్లలోపు ఉంటే విడుదల చేస్తుంది. బాగా పలచన చేసిన గోమూత్రం, ఒకటికి పది పాళ్ళ నీళ్ళు కలిపి, వారానికోసారి మొక్క మొదలు దగ్గర పోస్తే తేరుకుంటాయి.

పై, కొత్త ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము అందకపోవడం. బోరు నీళ్ళలోని బైకార్బొనేట్ల వల్ల పీహెచ్ పెరిగి ఇలా అవుతుంది. దీనికి ఇంకాస్త ఎరువు మందు కాదు. నీళ్ళు మార్చి చూడండి.

తోటకూర, టమాట నారు మొలిచి, మొదలు దగ్గర సన్నబడి పడిపోతోంది.

నారుకుళ్ళు తెగులు. పిథియం లాంటి, శిలీంధ్రాలను పోలిన సూక్ష్మజీవులు చేసే పని. పచ్చి కంపోస్టు, ఎక్కువ తడి, ఒత్తుగా చల్లడం, మూడూ కలిస్తే తప్పదు. పడిపోయినవి లేవవు. వచ్చే విడతకు ట్రైకోడెర్మా విరిడి అనే మేలుచేసే బూజు పట్టించిన ఎరువు చేసి పెట్టుకోండి. వ్యవసాయ శాఖ వాళ్ళు రైతులకు చెప్పే పద్ధతిలో 90 కిలోల పశువుల ఎరువుకు 10 కిలోల వేప పిండి, 2 కిలోల ట్రైకోడెర్మా. మిద్దెకు అందులో పదో వంతు చాలు: తొమ్మిది కిలోలు, ఒక కిలో, 200 గ్రాములు. నీళ్ళు చిలకరించి, గోనెపట్టా కప్పి, నీడన వారం పది రోజులు ఉంచితే తెల్లటి, ఆపై ఆకుపచ్చ బూజు అల్లుకుంటుంది. ఈ బూజు మనకు కావాల్సిందే.

హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్క మైక్రోబియల్ కన్సార్షియం కూడా నారు పెంపకానికి పనికొస్తుంది. పోషకాలు అందించే సూక్ష్మజీవులు అందులో కలిసి ఉంటాయి.

బీజామృతంలో ముంచితే ఎక్కువ మొలుస్తాయా?

ప్రకృతి వ్యవసాయాన్ని ప్రచారం చేసిన సుభాష్ పాలేకర్ చెప్పిన పాళ్ళు 20 లీటర్ల నీళ్ళకు 5 కిలోల ఆవు పేడ, 5 లీటర్ల మూత్రం, 50 గ్రాముల సున్నం, గుప్పెడు మట్టి. విత్తనం మీద మేలుచేసే సూక్ష్మజీవుల పూత పడుతుంది, విత్తనంతో వచ్చే తెగుళ్ళకు అడ్డు ఉంటుంది. కానీ చచ్చిన విత్తనాన్ని ఇది బతికించదు. చిక్కుడు, బీన్స్ లాంటి పలుచని తోలు గింజలను నానబెట్టకుండా ముంచి తీసి వెంటనే నీడన ఆరబెట్టాలి, లేకపోతే తోలు ఊడిపోతుంది. తోటకూర లాంటి సన్న గింజలు పేడలో ఉండకడతాయి కాబట్టి వాటికి నా ఓటు ట్రైకోడెర్మా పొడికే.

కంపోస్టు వేసిన ప్రతి కుండీలో వేయని టమాట, బొప్పాయి మొలుస్తున్నాయి. మంచి గుర్తేనా?

సగం మంచి గుర్తు. అక్కడ మొలకను చంపే విషం లేదని తెలిసింది. రెండో సగం, మీ కుప్ప సరిగా వేడెక్కలేదు. 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు నిలిస్తే ఈ గింజలు, చాలా కలుపు గింజలు, రోగక్రిములు చస్తాయి. బాల్కనీలో పెట్టుకునే మట్టికుండల్లో కుప్ప చిన్నది కాబట్టి అంత వేడి నిలవడం కష్టం. వచ్చిన టమాట మొక్కల్ని పెంచుకోండి, కాస్తే కాయనివ్వండి.

డిసెంబర్‌లో మిరప విత్తనాలు వేశాను. మూడు వారాలైనా మొలక లేదు. కంపోస్టేనా కారణం?

ఈసారి కంపోస్టును వదిలేయండి. మిరపకు 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం కావాలి. ఇక్కడ డిసెంబర్, జనవరి రాత్రులు 15, 16 డిగ్రీలకు దిగుతాయి. గుంటూరులో అలవాటైన లెక్క ఇక్కడ పనిచేయదు. ట్రేను ఫ్రిజ్ పైనో, వైఫై రౌటర్ పక్కనో పెట్టి, మొలక కనపడగానే ఎండలోకి మార్చండి. ఇలాగే గోంగూర శీతాకాలంలో జానెడు ఎత్తుకే పూతకొస్తే ఎరువు తక్కువైందని టెన్షన్ పడకండి. పగలు చిన్నదైతే పూయడం దాని స్వభావం, ఎండాకాలం మొదట్లో వేసుకోండి.

రోడ్డు మీద రాలిన ఆకులతో చేసుకోవచ్చా?

తప్పకుండా. నారుకు ఇంతకంటే నెమ్మదైన పదార్థం లేదు. ఆకులు చివికిన ఎరువులో పోషకాలు తక్కువ, లవణాలూ తక్కువే. ఈ నగరంలో ఫిబ్రవరి, మార్చిలో ఆకులు కుప్పలుగా దొరుకుతాయి, ఊడ్చి తగలబెట్టేలోపు అడిగి తెచ్చుకోండి. నీలగిరి ఆకులు మాత్రం ఏరేయండి, వాటి నూనెలు మొలకను అణచివేస్తాయి. తడిపి, చిల్లుల డ్రమ్ములో తొక్కి పెడితే ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది పడుతుంది. చేత్తో నలిపితే పొడి అవ్వాలి.

కంపోస్టు చేయడం కళ్ళారా చూసి నేర్చుకోవాలంటే?

హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో స్వచ్ఛగ్రహ కలికా కేంద్రం ఉంది, రకరకాల పద్ధతులు పక్కపక్కనే చూడొచ్చు. కూడ్లు దగ్గర కర్ణాటక కంపోస్టు అభివృద్ధి సంస్థ 1975 నుంచీ ఉంది. జీకేవీకేలో (బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణ) జరిగే కృషిమేళాకు వెళ్తే విత్తనాలు, జీవన ఎరువులు ఒకేచోట దొరుకుతాయి.

మిగిలిన కంపోస్టును ఎంతకాలం దాచొచ్చు?

నీడలో, కాస్త తడిగా, గాలి తగిలేలా ఉంచితే ఏడాది దాకా ఢోకా లేదు. పాతబడే కొద్దీ నత్రజని కొంత తగ్గుతుంది గానీ విత్తనాలకు మరింత సురక్షితం అవుతుంది. గోనె సంచిలో పోసి ఇటుకల మీద పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి ఎండలో వదిలేస్తే మాగిన కంపోస్టు కూడా పుల్లబడుతుంది. అలా అయితే గోనె మీద పలచగా పరిచి వారం ఆరనిచ్చి, వాసన పోయాక మళ్ళీ ఆవాల పరీక్ష చేసి వాడుకోండి.